నక్కకీ జింకకీ ఒకే రైఫిల్: టిక్కా టీ3ఎక్స్ లైట్, .243 క్యాలిబర్‌లో

నక్కలకీ జింకలకీ కలిపి ఒక్క రైఫిలే కొనుక్కోవాలనుకునేవాళ్లు చాలామంది నక్క దగ్గర ఆలోచన మొదలుపెడతారు. పొలం యజమాని మొదట పిలిచేది సాధారణంగా నక్కల బెడదతోనే కాబట్టి అది సహజమే. నేను మాత్రం జింక దగ్గర మొదలుపెట్టమంటాను. బ్రిటన్‌లో నక్కకి ఇంత క్యాలిబర్ (గొట్టం రంధ్రం వెడల్పు) ఉండాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. జింక విషయంలో అంగుళంలో వెయ్యో వంతు దాకా లెక్క రాసిపెట్టింది. జింకకి పనికొచ్చే రైఫిల్ నక్కకి ఎలాగూ పనికొస్తుంది, నక్క కోసం కొన్నది జింకకి పనికిరాకపోవచ్చు. ఈ లెక్కతోనే నేను టిక్కా టీ3ఎక్స్ లైట్‌ని .243 విన్‌చెస్టర్‌లో తీసుకున్నాను. కొన్ని సీజన్ల పాటు వాడాక కూడా అదే మాట మీద ఉన్నాను.

నేను ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తాను. సెలవు దొరికినప్పుడల్లా రెండు పొలాలకి వెళ్తాను. ఒకటి గోధుమ, షుగర్ బీట్ వేసే పొలం, దాన్ని ఆనుకుని చిన్న అడవి. అక్కడ రో జింకలు, మంట్‌జాక్‌లు ఉంటాయి, అప్పుడప్పుడు ఫాలో జింకల గుంపు వచ్చిపోతుంది. రెండోది కోళ్లని బయట తిరగనిచ్చి పెంచే ఫారం. అక్కడ సమస్య అంతా నక్కే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం కాబట్టి ఇక్కడి సంగతి వింటే మనవాళ్లకి మొదట కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. బ్రిటన్‌లో తోడేలు, లింక్స్ లాంటి మృగాలు అంతరించి శతాబ్దాలైంది. జింకల సంఖ్యని అదుపులో పెట్టడానికి మనిషి తప్ప ఇంకెవరూ మిగల్లేదు. జింకలు పెరిగిపోయిన అడవిలోకి వెళ్తే నడుము ఎత్తు వరకూ పచ్చదనం ఉండదు. నాటిన మొక్క నాటినట్టే కొరికేసి ఉంటుంది. అది చూశాకే నేను ఈ పని నేర్చుకున్నాను.

ముందు చట్టం. ఇంగ్లండ్, వేల్స్‌లో 1991 నాటి డీర్ యాక్ట్ ప్రకారం జింకని కొట్టే రైఫిల్ క్యాలిబర్ కనీసం .240 అంగుళాలు ఉండాలి, గొట్టం మూతి దగ్గర శక్తి కనీసం 1,700 ఫుట్‌పౌండ్లు ఉండాలి, బుల్లెట్ తగిలాక విచ్చుకునే రకం అయి ఉండాలి. మంట్‌జాక్, చైనీస్ వాటర్ డీర్ అనే రెండు చిన్న జాతులకి మాత్రం 2007లో సడలింపు ఇచ్చారు: క్యాలిబర్ .220, శక్తి 1,000 ఫుట్‌పౌండ్లు, బుల్లెట్ బరువు 50 గ్రెయిన్లు ఉంటే చాలు. స్కాట్లండ్ లెక్క వేరు. అక్కడ పట్టింపు క్యాలిబర్ మీద కాదు, బుల్లెట్ బరువు, వేగం, శక్తి మీద. రో జింకకి 50 గ్రెయిన్లు, సెకనుకి 2,450 అడుగులు, 1,000 ఫుట్‌పౌండ్లు. పెద్ద జింకలకి అదే వేగంతో 1,750 ఫుట్‌పౌండ్లు. పెద్ద జింకలకి బుల్లెట్ 100 గ్రెయిన్లు ఉండాలన్న నిబంధనని 2023లో 80కి తగ్గించారు, సీసం లేని బుల్లెట్లు తేలికగా ఉంటాయి కాబట్టి.

దీనివల్ల ఒక వింత జరుగుతుంది. .223 రెమింగ్టన్ రైఫిల్‌తో స్కాట్లండ్‌లో రో జింకని చట్టబద్ధంగా కొట్టొచ్చు. అదే రైఫిల్‌తో సరిహద్దు దాటి ఇంగ్లండ్‌లోకి వచ్చి అదే జింకని కొడితే నేరం. .22-250 సంగతీ అంతే. 55 గ్రెయిన్ల బుల్లెట్‌ని సెకనుకి 3,680 అడుగుల వేగంతో పంపి 1,650 ఫుట్‌పౌండ్ల దాకా వెళ్తుంది. అయినా గొట్టం .224 కాబట్టి ఇంగ్లండ్‌లో రో జింక దగ్గర పనికిరాదు. మా ఊళ్లోనే ఉండే ఒక తెలుగు కుర్రాడు తుపాకీ సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టుకుంటూ, "అన్నా, ముందు .223 తీసుకోమంటావా? తూటాలు చవక, తన్నదు కూడా" అని అడిగాడు. నీ పొలంలో రో జింకలు ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయన్నాడు. అయితే వద్దన్నాను.

ఇప్పుడు .243 దగ్గరికి వద్దాం. 1955లో విన్‌చెస్టర్ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. .308 తూటా గుల్ల మెడని సన్నం చేసి 6 మిల్లీమీటర్ల బుల్లెట్ కూర్చితే వచ్చేదే ఇది. తేలికపాటి 58 గ్రెయిన్ల బుల్లెట్ నుంచి 100 గ్రెయిన్ల దాకా దుకాణంలో దొరుకుతాయి. 100 గ్రెయిన్ల తూటా పెట్టె మీద సాధారణంగా సెకనుకి 2,960 అడుగులు అని ఉంటుంది, అంటే దాదాపు 1,945 ఫుట్‌పౌండ్లు. చట్టం అడిగేదానికంటే చాలా ఎక్కువే అనిపిస్తుంది. కానీ ఆ అంకె సాధారణంగా 24 అంగుళాల గొట్టంతో కొలిచింది. చట్టం చూసేది పెట్టె మీది అంకెని కాదు, మీ గొట్టంలోంచి నిజంగా వచ్చేదాన్ని.

లెక్క కష్టమేం కాదు. బుల్లెట్ బరువుని గ్రెయిన్లలో తీసుకుని, వేగాన్ని దాంతోనే హెచ్చించి రెంటినీ గుణించి, 4,50,240తో భాగిస్తే ఫుట్‌పౌండ్లు వస్తాయి. 100 గ్రెయిన్ల బుల్లెట్ ఇంగ్లండ్ పరీక్ష దాటాలంటే సెకనుకి 2,767 అడుగులు కావాలి. స్కాట్లండ్‌లో పెద్ద జింకకైతే 2,807. గొట్టం ఒక్కో అంగుళం తగ్గేకొద్దీ వేగం ఓ పాతిక నుంచి నలభై అడుగులు పడిపోతుంది. తెలిసినతను ఒకాయన పాత .243 కొన్నాడు. చప్పుడు తగ్గించే మోడరేటర్ బిగించినా పొడుగు కాకూడదని అంతకుముందు యజమాని గొట్టాన్ని 18 అంగుళాలకి కోయించాడు. రేంజ్‌లో బల్ల మీద బుల్లెట్ వేగం కొలిచే నా క్రోనోగ్రాఫ్ పెట్టి కొలిచాం. తెర మీద 2,730 చుట్టూ తిరిగింది. ఫోన్‌లో లెక్కేస్తే 1,655 ఫుట్‌పౌండ్లు. అంటే సర్టిఫికెట్ మీద జింకల రైఫిల్ అని రాసి ఉన్నా, ఆ తూటాతో ఇంగ్లండ్‌లో రో జింకని కొట్టడం చట్టవిరుద్ధం. ఆయన ముఖం చూస్తే పాపం అనిపించింది. రైఫిల్ అందంగా ఉంది, గురి బాగుంది, కావాల్సిన పనికి మాత్రం చాలదు. .243లో పొట్టి గొట్టం కొనకండి. 22 అంగుళాలకి తగ్గొద్దు. ఈ ఒక్క విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను.

నాది 22.4 అంగుళాల గొట్టం. 80 గ్రెయిన్ల రాగి బుల్లెట్ దీంట్లోంచి సెకనుకి 3,180 అడుగుల దగ్గర వస్తోంది, 1,797 ఫుట్‌పౌండ్లు. రెండు దేశాల్లోనూ చెల్లుతుంది.

టిక్కా రైఫిళ్లని ఫిన్లండ్‌లోని రీహిమాకిలో సాకో కంపెనీ తయారుచేస్తుంది. టీ3 2003లో వచ్చింది, టీ3ఎక్స్ 2016లో. చేతిలోకి తీసుకున్న క్షణంలో అందరూ మొదట మాట్లాడేది తూటాని లోపలికి తోసే బోల్ట్ గురించే. దాన్ని పైకి 70 డిగ్రీలు తిప్పితే చాలు, స్కోప్‌కి వేళ్లు తగలకుండా తెరుచుకుంటుంది. వెనక్కి లాగితే నూనె మీద జారినట్టు వస్తుంది, ఎక్కడా పట్టేయదు. హై సీట్ (ఎత్తుగా కట్టిన మంచె) మీద ఇరుగ్గా కూర్చుని, మోచేయి కదిపే చోటు లేనప్పుడు దాని విలువ తెలుస్తుంది. కొట్టిన వెంటనే కన్ను స్కోప్ మీంచి తీయకుండా, బుగ్గ స్టాక్ మీంచి ఎత్తకుండా రెండో తూటా లోపలికి పంపగలను. అలా పంపడం ప్రతిసారీ అలవాటుగా చేయాలి, జింక పడిపోయినట్టు కనిపించినా సరే.

ట్రిగ్గర్ ఒక్క మరతో సర్దుకోవచ్చు, రెండు నుంచి నాలుగు పౌండ్ల మధ్య. నేను మూడు దగ్గర పెట్టుకున్నాను. చలికాలం చేతితొడుగులతో వేలు పెట్టినప్పుడు మరీ తేలిక ట్రిగ్గర్ ప్రమాదం. పాత టీ3లో అల్యూమినియంతో ఉండే, తన్నుని మోసే రీకాయిల్ లగ్‌ని ఇందులో ఉక్కుతో చేశారు. పట్టు భాగాన్ని విప్పి వేరే ఆకారానిది పెట్టుకోవచ్చు. రైఫిల్ బరువు మూడు కిలోల లోపే, స్కోప్, మోడరేటర్ ఎక్కాక నాలుగు దాటుతుంది. ఫ్యాక్టరీ మాట ప్రకారం 100 గజాల్లో మూడు తూటాలు సుమారు ఒక అంగుళంలో పడాలి. నా దానికి నచ్చిన తూటాతో అంతకంటే దగ్గరగానే పడతాయి. నచ్చిన అని ఎందుకన్నానంటే ప్రతి గొట్టానికీ కొన్ని తూటాలు పడతాయి, కొన్ని పడవు. మూడు నాలుగు రకాల పెట్టెలు ఒక్కోటి కొని, కాగితం మీద కొట్టి చూసి, బాగా పడిన దాన్ని ఒకే లాట్‌లో ఎక్కువ కొని పెట్టుకోండి.

కొనేముందు తెలుసుకోవాల్సినవీ ఉన్నాయి. గొట్టం సన్నం కాబట్టి వరసగా కొడితే త్వరగా వేడెక్కుతుంది. రేంజ్‌లో గంటల తరబడి కాల్చే సరదా ఉంటే బరువైన గొట్టం ఉన్న మోడల్ చూసుకోవాలి. మ్యాగజైన్‌లో పట్టేవి మూడే తూటాలు, అది పాలిమర్‌తో చేసింది. కొందరికి ఇది నచ్చదు. జింకకి మూడు చాలు, నక్కకీ చాలు. సేఫ్టీకి రెండే స్థానాలు. సేఫ్టీ వేస్తే బోల్ట్ కూడా లాక్ అవుతుంది, తూటా బయటికి తీయాలంటే సేఫ్టీ తీయాల్సిందే. అందుకని కంచె దాటే ముందు, కారు ఎక్కే ముందు గొట్టాన్ని గట్టి నేల వైపు తిప్పి, ట్రిగ్గర్ మీద వేలు లేకుండా చేసుకుని, అప్పుడు బోల్ట్ తెరవాలి. తరవాత చిటికెన వేలు చాంబర్‌లో పెట్టి ఖాళీగా ఉందో లేదో తడిమి చూస్తాను. చీకట్లో కంటి కంటే వేలు నయం.

ఇక బుల్లెట్ల సంగతి. అసలు ఎంపిక ఇక్కడే ఉంది, దుకాణంలో మాత్రం దీని గురించి అంతగా చెప్పరు. .243 గొప్పతనం అని అందరూ చెప్పేది, నక్కకి 58 గ్రెయిన్లు, జింకకి 100 గ్రెయిన్లు, ఒకే రైఫిల్‌లో రెండూ అని. కాగితం మీద బాగుంటుంది. ఆచరణలో ఆ రెండు బుల్లెట్లూ ఒకే చోట తగలవు. ఒకదానికి జీరో చేస్తే, అంటే స్కోప్ గురి సరిచేస్తే, రెండోది 100 గజాల్లోనే రెండు మూడు అంగుళాలు అటో ఇటో పోవచ్చు. జేబులో రెండు రకాల తూటాలు, బయట చీకటి, ఎదురుగా జంతువు. నక్క బుల్లెట్ జింకకి వెళ్తే ఏమవుతుందో కొట్టిన జింకల్ని వేలాడదీసే లార్డర్‌లో నేను చూశాను. ఇంకెవరో తెచ్చిన మంట్‌జాక్ అది. తేలిక బుల్లెట్ భుజం ఎముక మీదే పగిలిపోయింది. తోలు తీస్తే ముందు భాగం అంతా నల్లటి గడ్డకట్టిన రక్తం, వేలితో నొక్కితే గుజ్జు. రెండు భుజాలూ పారేయాల్సి వచ్చింది. ఇంకాస్త పెద్ద జింకయితే ఆ బుల్లెట్ లోపలి దాకా పోకపోవచ్చు, అప్పుడది గాయంతో పరిగెత్తిపోతుంది. మాంసం పాడవడం కంటే అది నాకు ఎక్కువ బాధ.

కాబట్టి నేను ఒక్కటే వాడతాను, 80 గ్రెయిన్ల రాగి బుల్లెట్, నక్కకీ జింకకీ. జింక ముందుకాలికి కాస్త వెనగ్గా, ఛాతీ ఎత్తులో మూడో వంతు దగ్గర తగిలితే అటు నుంచి ఇటు దూరి బయటికొస్తుంది. జింక కొన్ని గజాలు పరిగెత్తి పడిపోతుంది. రెండు రంధ్రాలు ఉంటాయి కాబట్టి రక్తం జాడ స్పష్టంగా ఉంటుంది. ఊపిరితిత్తులు పోతాయి, భుజాల మాంసం శుభ్రంగా మిగులుతుంది. సీసం ముక్కలు చెదరవు. మా ఇంట్లో పిల్లలు తినేది ఈ మాంసమే కాబట్టి నాకు ఇది చిన్న విషయం కాదు. సీసం తూటాలని దశలవారీగా తీసేస్తామని ప్రభుత్వం 2025 జులైలో ప్రకటించింది కూడా. ఎలాగూ మారాల్సిందే అయితే కొత్తగా కొనేవాళ్లు మొదటిరోజు నుంచే రాగికి జీరో చేసుకోవడం మంచిది.

రాగికి ఒక చిక్కుంది. రాగి సీసం కంటే తేలిక, అదే బరువుకి బుల్లెట్ పొడుగవుతుంది. పొడుగు బుల్లెట్ తిన్నగా పోవాలంటే గొట్టం లోపలి గాడులు దాన్ని వేగంగా తిప్పాలి. .243లో చాలా రైఫిళ్లు 10 అంగుళాలకి ఒక చుట్టు తిప్పుతాయి. దాంట్లో 80, 85 గ్రెయిన్ల రాగి బాగా వెళ్తుంది, అంతకంటే బరువైన రాగి కుదురుకోకపోవచ్చు. కాగితం మీద రంధ్రం గుండ్రంగా కాకుండా కోలగా పడిందంటే బుల్లెట్ పక్కకి తిరుగుతోందని అర్థం. ఆ తూటా పక్కన పెట్టేయండి. రాగి తగిలాక ముక్కలవదు, ముందుకి పోతూనే ఉంటుంది, కాబట్టి వెనక మట్టి ఉందో లేదో ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

సఫోక్ చదునైన నేల, ఇక్కడ ఇదే పెద్ద ఇబ్బంది. కొండల్లో ఉన్నవాళ్లకి జంతువు వెనక ఎప్పుడూ ఏదో ఒక గట్టు ఉంటుంది, మాకు ఉండదు. పగలు జింకలకి హై సీట్ ఎక్కుతాను, కిందికి కొట్టాలి కాబట్టి బుల్లెట్ నేలలోకి పోతుంది. నక్కలకి రాత్రిపూట అది కుదరదు. చలికాలంలో ఓ రాత్రి కోళ్ల ఫారం దగ్గర, వేడిని బట్టి చూపించే థర్మల్‌లో నక్క తెల్లగా, స్పష్టంగా కనబడింది. నూటపది గజాలు ఉంటుంది, ట్రైపాడ్ మీద రైఫిల్ కదలకుండా ఉంది. కానీ దాని వెనకే కోళ్ల షెడ్డు, షెడ్డు అవతల రోడ్డు. వేలు ట్రిగ్గర్ బయటే ఉంచుకుని చూస్తూ కూర్చున్నాను. అది షెడ్డు పక్కనుంచి వాసన చూసుకుంటూ, ఆగుతూ, కాలవ గట్టు దిగింది. గట్టు మట్టి దాని వెనక్కి వచ్చాకే కొట్టాను. మోడరేటర్ ఉన్నా .243 చప్పుడు ఊరికి వినిపిస్తుంది. తగిలిన శబ్దం మాత్రం వేరేగా, మెత్తగా వినిపించింది. స్కోప్‌లో అది పడటం నేను చూడగలిగాను, ఎందుకంటే ఈ క్యాలిబర్ పెద్దగా తన్నదు. .308తో అయితే ఆ క్షణంలో స్కోప్ ఎగిరి ఆకాశం కనబడేది. తగిలిందో లేదో కంటితో చూడగలగడం నా దృష్టిలో .243కి ఉన్న అతిపెద్ద గుణం.

ఇంగ్లండ్‌లో జింకలకి రాత్రి వేట లేదు. సూర్యాస్తమయం తరవాత గంట నుంచి సూర్యోదయానికి గంట ముందు వరకూ లైసెన్సు లేకుండా కొట్టకూడదు. కొట్టడానికి అనుమతి ఉన్న కాలం రో మగవాటికి ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31, ఆడవాటికి నవంబర్ 1 నుంచి మార్చి 31. మంట్‌జాక్‌కి, నక్కకి నిషేధ కాలం లేదు.

ఎవరికి ఈ రైఫిల్ వద్దో కూడా చెప్పాలి. మీ పని తొంభై పాళ్లు నక్కలే అయి, జింకల్లో మంట్‌జాక్ తప్ప ఇంకేమీ లేకపోతే .223 తీసుకోండి. తూటా చవక, చప్పుడు తక్కువ, అదే టిక్కాలో 8 అంగుళాలకి ఒక చుట్టు తిప్పే గొట్టంతో దొరుకుతుంది. ఏటా స్కాట్లండ్ కొండల్లో రెడ్ స్టాగ్‌ల (పెద్ద మగ జింకల) కోసం వెళ్లేవాళ్లు, ఫాలో, సికా జింకలే ఎక్కువ ఉన్నవాళ్లు 6.5 క్రీడ్‌మూర్ గానీ, నూరేళ్లు దాటిన 6.5×55 స్వీడిష్ గానీ చూడాలి. 140 గ్రెయిన్ల బుల్లెట్, 2,280 ఫుట్‌పౌండ్ల శక్తి, అయినా భుజానికి భరించగలిగే తన్ను. పొట్టి గొట్టం తప్పనిసరిగా కావాలనుకుంటే .308 మేలు, అంగుళాలు తగ్గినా దాని శక్తి చట్టం గీత కిందికి రాదు. సర్టిఫికెట్ మీద రెండు స్లాట్లు, అంటే రెండు రైఫిళ్లకి అనుమతి, దొరికితే .223, 6.5 జత కంటే మంచిది లేదు. ఒక్కటే ఉంటే .243.

సర్టిఫికెట్ పోలీసులిస్తారు, క్యాలిబర్ దాని మీద రాసి ఉంటుంది, ఐదేళ్లు చెల్లుతుంది. 2025 ఫిబ్రవరి నుంచి కొత్త దానికి 198 పౌండ్లు, రెన్యువల్‌కి 131. ఏ భూమిలో, ఏ జంతువు కోసం అన్న కారణం చూపించాలి. డీర్ స్టాకింగ్ సర్టిఫికెట్ లెవెల్ 1 చట్టప్రకారం తప్పనిసరి కాదు, కానీ చేసి వెళ్తే లైసెన్సింగ్ అధికారితో మాట తేలికవుతుంది. వాళ్లు అడగకపోయినా మీ కోసం చేయండి, జాతుల గుర్తింపు, మాంసం పరిశుభ్రత అందులోనే నేర్పుతారు. దరఖాస్తులో .243 ఎదురుగా ఒక్క జింకలు అనే రాయకండి. జింకలు, నక్కలు రెండూ రాసి, చట్టం అనుమతించే ఇతర జంతువులకి కూడా అని అడగండి. ఆ మాట లేకపోతే జింక కోసం కూర్చున్న చోట నక్క ఎదురుపడినా కొట్టే హక్కు ఉండకపోవచ్చు.

డబ్బు తక్కువైతే పాతది చూడండి. ఇక్కడ స్లాట్ల వల్ల వాడిన రైఫిళ్లు చవగ్గా వస్తాయి, జింకల వేటగాడి రైఫిల్ ఏడాదికి కాల్చేది తక్కువే. గొట్టం పొడుగు టేపుతో కొలిపించండి, లోపల బోర్ కెమెరాతో చూపించమనండి, మోడరేటర్ థ్రెడ్ ఏ సైజో అడగండి. మిగిలిన డబ్బు స్కోప్ మీద పెట్టండి. తెల్లవారుజామున ఆడ జింకో మగ జింకో తేల్చాల్సింది దాని అద్దమే.